పెరటి బార్లీకి ఎరువు వేయకండి

మాల్ట్ అంటే నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టిన గింజ, బీరు కాచేది దాంతోనే. మాల్ట్ బార్లీ మడిని ఎక్కువసార్లు పాడుచేసేది మంచి తోటమాలే. విత్తే ముందు బస్తాల కొద్దీ కంపోస్టు కలపడం, కోడిపెంట చల్లడం, ఆకు కాస్త వెలిసినట్టుంటే ద్రవ ఎరువు పోయడం లాంటి అలవాట్లు టమాటాకీ గుమ్మడికీ బాగానే పనికొస్తాయి. బార్లీ దగ్గర అవన్నీ ఎదురు తిరుగుతాయి. పైరు ముదురాకుపచ్చగా, చూడముచ్చటగా లేస్తుంది. కంకి బరువెక్కాక ఒక్క గాలివానకి పడిపోతుంది. పడకుండా నిలబడినా గింజలో మాంసకృత్తులు 13 శాతం దాటిపోతాయి. ఆ గింజ కోళ్లకి మంచి మేత. దాంతో మంచి మాల్ట్ చేయడం మాత్రం చాలా కష్టం.

ఇది ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా నార్ఫోక్, సఫోక్ వైపు ఇంటి వెనక కొద్ది జాగాలోనో అలాట్‌మెంట్‌లోనో (కూరగాయలు వేసుకోవడానికి అద్దెకిచ్చే చిన్న స్థలం) బార్లీ వేసుకుని, దాన్ని తామే మాల్ట్ చేసి, ఆ మాల్ట్‌తో బీరు కాచుకోవాలనుకునేవాళ్ల కోసం. అక్కడ ఇంటివరకు బీరు కాచుకోవడానికి లైసెన్సు అవసరం 1963లోనే తీసేశారు. అమ్మితే మాత్రం పన్నూ అనుమతులూ ఉంటాయి.

ముందు అంకెలు. ఏల్ రకం (వెచ్చగా పులియబెట్టే) బీరుకి మాల్ట్ చేసే బ్రిటిష్ మాల్ట్‌స్టర్లు గింజలో నత్రజని 1.65 శాతం లేదా అంతకంటే తక్కువ అడుగుతారు. దాన్ని 6.25తో గుణిస్తే మాంసకృత్తులు సుమారు 10.3 శాతం. లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) మాల్ట్‌కి ఐరోపాలో 11.5 దాకా ఒప్పుకుంటారు. గింజలో ఉన్న చోటు ఒక్కటే కాబట్టి మాంసకృత్తులు పెరిగితే పిండి తగ్గుతుంది. పిండి తగ్గితే బీరుకి వచ్చే చక్కెరా తగ్గుతుంది. పైగా మాంసకృత్తులు ఎక్కువున్న గింజ నీళ్లు నెమ్మదిగా పీలుస్తుంది, నడిమధ్య గట్టిగా మిగిలిపోతుంది, చివరికి బీరు మబ్బుగా తయారవుతుంది. మరీ 9 శాతం కిందికి దిగినా ఇబ్బందే. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు చాలవు, బీరుని పులియబెట్టే ఈస్ట్‌కి తిండి చాలదు, నురగ నిలవదు. పెరటి మడిలో ఈ రెండో ఇబ్బంది అరుదు. దాదాపు ఎప్పుడూ దెబ్బ తగిలేది ఎక్కువ వైపు నుంచే.

రైతు కూడా నత్రజని వేస్తాడు కదా అని అడగొచ్చు. వేస్తాడు. తేలిక నేలల్లో చదరపు మీటరుకు 10 నుంచి 12 గ్రాముల వరకు, అదీ పైరు పిలకలు వేసే దశ ముగిసేలోపే. అప్పుడు అందిన నత్రజని పిలకలకీ ఆకులకీ పోయి దిగుబడి పెంచుతుంది. కాండం సాగడం మొదలయ్యాక అందినదాంట్లో చాలా భాగం గింజలో మాంసకృత్తులుగా చేరుతుంది. రొట్టె గోధుమ పండించేవాళ్లు ఆలస్యంగా మరో విడత నత్రజని ఇచ్చేది సరిగ్గా అందుకే. కంపోస్టుతో చిక్కు ఇక్కడే ఉంది. సంచిలోని ఎరువు ఎప్పుడు వేయాలో మన ఇష్టం. మట్టిలో కలిసిపోయిన కంపోస్టు మాత్రం నేల వేడెక్కే కొద్దీ చివికి నత్రజని వదులుతూ పోతుంది. ఇంగ్లండ్‌లో నేల బాగా వేడెక్కేది మే, జూన్ నెలల్లో. బార్లీ కంకి తీసి గింజ నింపుకునేదీ ఆ రోజుల్లోనే. అప్పుడు దాన్ని ఆపే మార్గం లేదు.

అందుకని పెరట్లో అన్నిటికంటే సారవంతమైన మడిని బార్లీకి ఇవ్వకండి. అంతకు ముందు మొక్కజొన్నో క్యాబేజీయో పండించి, మళ్లీ ఏ ఎరువూ వేయని మడి సరిగ్గా సరిపోతుంది. చిక్కుడు, బఠాణీ తీసిన మడి వద్దు, వాటి వేళ్లు నేలలో నత్రజని మిగిల్చి వెళతాయి. పశువుల ఎరువు దట్టించి బంగాళాదుంప వేసిన మడిదీ అదే కథ. బార్లీ ఆమ్ల నేలను అసలు సహించదు. పీహెచ్ 6.5కి తగ్గితే ముందు శరదృతువులోనే సున్నం వేసి సరిచేయాలి. లేకపోతే వేళ్లు పొట్టిగా మిగిలి, మడిలో అక్కడక్కడా పసుపు మచ్చలుగా కనిపిస్తుంది. రోజంతా ఎండ తగలాలి. నార్ఫోక్ బార్లీకి పేరు రావడానికి అక్కడి తేలిక నేల, నీరు నిలవకపోవడం, సముద్రం పక్కనుండటంతో నెమ్మదిగా సాగే చల్లని వేసవి కారణాలు.

ఎంత జాగా కావాలి? 20 చదరపు మీటర్లు అనుకుందాం. రైతు పొలంలో చదరపు మీటరుకు అరకిలోకి పైనే వస్తుంది. పెరట్లో పక్షులు, అంచు నష్టాలు, చేతి నూర్పిడిలో పోయేది తీసేస్తే 300 నుంచి 400 గ్రాములు లెక్కేసుకోవడం న్యాయం. అంటే ఆరు నుంచి ఎనిమిది కిలోల గింజ. మాల్ట్ అయ్యేసరికి అందులో ఐదో వంతు తగ్గుతుంది. 20 లీటర్ల మామూలు ఏల్‌కి నాలుగు, నాలుగున్నర కిలోల మాల్ట్ చాలు. అంటే ఒక విడత బీరు, కాస్త మిగులు, పైన విత్తనం. పది చదరపు మీటర్ల కంటే తక్కువ వేస్తే శ్రమ అంతే ఉంటుంది, ఫలితం మాత్రం పరీక్షలకే సరిపోతుంది.

రకం విషయానికొస్తే కంకికి రెండు వరసల్లో గింజలుండే బార్లీయే వేయాలి. ఆరు వరసల దాంట్లో పక్క గింజలు సన్నగా, వంకరగా ఉంటాయి, నానడంలోనూ మొలవడంలోనూ తేడా వస్తుంది. మొదటిసారి వేసేవాళ్లకి మార్చిలో విత్తే పొట్టి కాండం వసంత రకం మేలు. లారియేట్, ప్లానెట్ అలాంటివి. రుచి కోసం ఏళ్ల తరబడి జనం వెతుక్కుంటూ వచ్చేది మారిస్ ఒటర్‌ని. కేంబ్రిడ్జ్‌లోని ప్లాంట్ బ్రీడింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రాక్టర్, పయనీర్ రకాలను కలిపి 1960లలో తెచ్చిన శీతాకాలపు రకం అది. దాన్ని అక్టోబర్‌లో విత్తాలి. శీతాకాలపు రకానికి పెరట్లో ఒక లాభం ఉంది. చలికాలపు వానలు నేలలో మిగిలిన నత్రజనిని కిందికి కడిగేస్తాయి, కాబట్టి మడి కాస్త సారవంతంగా ఉన్నా తట్టుకోవచ్చు. నష్టమేమిటంటే కాండం పొడవు, తెగుళ్లను తట్టుకునే శక్తి తక్కువ. 1820లలో సఫోక్‌లోని డెబెన్‌హామ్‌లో రెవరెండ్ జాన్ షెవాలియే పేరుతో మొదలై పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఇంగ్లండ్‌ని ఏలిన షెవాలియే రకం ఇప్పుడు మళ్లీ దొరుకుతోంది. ఆ పేరు చూసి మొదటి ఏడాదే దానికి వెళ్లొద్దని నా సలహా. చాలా పొడుగు రకం, తాళ్లు కట్టి నిలబెట్టాల్సి వస్తుంది.

విత్తనం ఎక్కడిదో చూసుకోండి. ఇంట్లో బీరు కాచుకునే సరుకులమ్మే హోమ్‌బ్రూ షాపులో దొరికే మాల్ట్ విత్తితే మొలవదు, బట్టీ వేడికి అంకురం చచ్చిపోయి ఉంటుంది. ఎండాకాలంలో మనవాళ్లు బార్లీ నీళ్లు కాచుకునే తెల్లని బార్లీ గింజా మొలవదు, పాలిష్‌లో పొట్టుతో పాటు అంకురం కూడా పోతుంది. పొట్టు ఉన్న, మొలక శాతం చెప్పి అమ్మే విత్తనమే కావాలి.

చదరపు మీటరుకు 350 గింజలు. వెయ్యి గింజల బరువు 46 గ్రాములైతే 20 చదరపు మీటర్లకి దాదాపు 320 గ్రాములు. సాళ్ల మధ్య 15 సెంటీమీటర్లు, సాలులో రెండు సెంటీమీటర్లకో గింజ, లోతు మూడు నాలుగు సెంటీమీటర్లు. చేత్తో చల్లి పైపైన గొర్రు తోలితే సగం పావురాలకి పోతుంది, మిగిలింది హెచ్చుతగ్గు లోతుల్లో మొలిచి హెచ్చుతగ్గు రోజుల్లో పండుతుంది. మాల్ట్‌కి గింజలన్నీ ఒకే ఈడువి కావాలి కాబట్టి సాళ్లు తీయడం చాదస్తం కాదు. విత్తగానే కాలితో సాలు తొక్కి మట్టి అదిమి, వల కప్పండి. మొలక బొటనవేలంత ఎదిగాక వల తీసేయొచ్చు. గింజ పాలు పోసుకునే దశలో పిచ్చుకల కోసం మళ్లీ వేయాలి.

వసంతంలో చేయాల్సింది తక్కువ. మూడు ఆకుల దశ నుంచి పిలకలు కమ్ముకునే వరకు రెండుసార్లు సాళ్ల మధ్య కలుపు తీయాలి, ఆ తర్వాత పైరే కలుపుని అణిచేస్తుంది. పిలకల దశలో మడి అంతా ఒకే రకంగా లేతపసుపుకి తిరిగి, పిలకలు ఒకటికి మించకపోతే మాత్రం అమ్మోనియం సల్ఫేట్ చదరపు మీటరుకు 20 గ్రాములు, ఒక్కసారే, వానకి ముందు. అందులో నత్రజని నాలుగు గ్రాములే. కాండం మీద మొదటి కణుపు వేలికి తగిలాక ఇక ఏదీ వేయొద్దు, ఆకు ఎంత పాలిపోయినా సరే. ఈ నిగ్రహమే మొత్తం సాగులో కష్టమైన భాగం అని నా నమ్మకం.

నీటి దగ్గర నియమం వేరు. తూర్పు ఇంగ్లండ్‌లో మే, జూన్ వానల్లేక ఎండిపోయే ఏళ్లుంటాయి. గింజ నిండే రోజుల్లో నీళ్లు చాలకపోతే పిండి చేరదు, అప్పటికే చేరిన మాంసకృత్తులు చిన్న గింజలో చిక్కబడి శాతం పెరుగుతుంది. ఎరువు ఒక్క గ్రాము వేయకపోయినా ఇలా నత్రజని ఎక్కువైన గింజ రావచ్చు. పది రోజులు వాన లేకపోతే చదరపు మీటరుకు 25 లీటర్లు నేల తడిసేలా ఒకేసారి పోయండి, ఆకుల మీద కాదు. గింజ గోటికి మైనంలా తగిలే దశ వచ్చాక నీళ్లు ఆపేయాలి.

తెగుళ్లలో బూడిద తెగులు, ఆకుమచ్చలు, తుప్పు తెగులు పెరటి స్థాయిలో దిగుబడి తగ్గిస్తాయి తప్ప పంటను పోగొట్టవు. అసలు భయపడాల్సినవి కంకిలో కనిపించే మూడు. మొదటిది కాటుక తెగులు: కంకి బయటికి రావడమే నల్లటి పొడితో వస్తుంది. ఈ శిలీంధ్రం విత్తనం లోపలే దాగి ఉంటుంది. పొడి రాలకముందే కంకిని సంచిలో చుట్టి పీకేయాలి, ఆ ఏడాది గింజ విత్తనానికి ఉంచకూడదు. రెండోది ఎర్గాట్: గింజ ఉండాల్సిన చోట ఊదా నలుపు కొమ్ములాంటిది పొడుచుకొస్తుంది, అది విషం. అంచుల్లో గడ్డి పూతకి రాకముందే కోసేస్తే చాలావరకు తప్పుతుంది. మూడోది ఫ్యుజేరియం: పూత సమయంలో వర్షం పట్టుకుంటే కొన్ని గింజలు పాలిపోయి గులాబీ రంగు తిరుగుతాయి. మాల్ట్ చేసేటప్పటి తడిలో అది మరింత పెరుగుతుంది, విషపదార్థాలు వదులుతుంది, సీసా తెరవగానే బీరు పొంగిపోవడానికీ అదే కారణమవుతుంది. గులాబీ గింజలు అక్కడక్కడా కాదు, గుప్పెడు గుప్పెడులో కనిపిస్తే ఆ పంటను మాల్ట్ చేయొద్దు. ఆరు నెలల శ్రమ కదా అని జాలిపడి తాగే వస్తువులోకి తేవడం తప్పు.

కోత సమయం కంకే చెబుతుంది. మెడ వంచి కిందికి చూస్తుంది, మీసాలు పెళుసెక్కుతాయి, గింజ కొరికితే టక్కుమని విరుగుతుంది. శీతాకాలపు రకం జూలై మధ్య తర్వాత, వసంత రకం ఆగస్టులో. మంచు ఆరాక కొడవలితో కోసి, పిడికెడు మందం పనలు కట్టి, కప్పు కింద గాలి ఆడేచోట వారం పది రోజులు వేలాడదీయండి. పండిన పైరు మీద రెండు మూడు రోజులు వరసగా వాన పడితే గింజ కంకిలోనే మొలవడం మొదలుపెడుతుంది. బయటికి మొలక కనిపించకపోయినా లోపల ఎంజైములు కదిలిపోయి, నిల్వలో ఆ గింజ త్వరగా చచ్చిపోతుంది. అందుకే వాన సూచన ఉంటే ఒకరోజు ముందే కోయడం నయం.

నూర్పిడికి పరదా మీద పనలు పరిచి కర్రతో కొట్టడం చాలు. మీసాలు మొండిగా ఉంటాయి, వాటిని గోనెసంచిలో వేసి రుద్ది విరవాలి. డ్రిల్లుకి గొలుసు తగిలించి డ్రమ్ములో తిప్పే పద్ధతి వేగంగా పని చేస్తుంది కానీ పొట్టు ఊడగొడుతుంది, అంకురం వైపు చిట్లగొడుతుంది. పొట్టు ఊడిన గింజ ఎక్కువ నీళ్లు తాగి ముందే మొలిచి బూజు పడుతుంది. బీరు కాచేటప్పుడు వడపోత మెత్త అయ్యేది కూడా ఆ పొట్టే. కాబట్టి కొన్ని మీసాలు మిగిలినా పర్వాలేదు, ఆపేయండి. ముక్కుకి మాస్కు తప్పదు, ఈ దుమ్ము గొంతుని కోస్తుంది. తూర్పారబట్టడానికి చేట ఉంటే చేట, లేకపోతే టేబుల్ ఫ్యాను. చివర 2.25 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి కింద పడ్డ తాలు, సన్న గింజను వేరు చేయండి.

ఇక్కడి నుంచి మన చేతిలో ఉన్నది తిండిగింజ కాదు, బతికి ఉండాల్సిన విత్తనం. తేమ 12 శాతానికి దించాలి, కానీ ఆరబెట్టే గాలి 40 డిగ్రీలు దాటకూడదు. తేమ కొలవడానికి వంద గ్రాములు మర పట్టి 130 డిగ్రీల అవెన్‌లో రెండు గంటలు ఉంచి ఎన్ని గ్రాములు తగ్గిందో చూడొచ్చు. తరవాత గింజ నిద్రలో ఉంటుంది. కోసిన వెంటనే మొలకకి వేస్తే సగం కూడా లేవదు, అది చావు కాదు. ఆరిన గింజను వెచ్చని గదిలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచితే నిద్ర వదులుతుంది. పరీక్ష ఇలా: తొమ్మిది సెంటీమీటర్ల గాజు పళ్లెంలో రెండు వడపోత కాగితాలు, నాలుగు మిల్లీలీటర్ల నీళ్లు, వంద గింజలు, 18 నుంచి 20 డిగ్రీలు, 72 గంటలు. పక్కన మరో పళ్లెంలో ఎనిమిది మిల్లీలీటర్లతో. మొదటి దాంట్లో 95కి తగ్గితే ఇంకా ఆగండి. మొదటిది బాగుండి రెండోది బాగా తగ్గితే గింజకి నీటి ఎక్కువ పడట్లేదని అర్థం, నానబెట్టేటప్పుడు నీళ్లలో తక్కువసేపు, గాలిలో ఎక్కువసేపు ఉంచాలి. అదే రోజు యాభై గింజల్ని బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. లోపల సుద్దలా తెల్లగా ఉంటే మంచిది. గాజులా మెరిసేవి పదిహేనుకి మించి ఉంటే నత్రజని ఎక్కువైంది, లేదా గింజ నిండేటప్పుడు నీళ్లు చాలలేదు. ప్రయోగశాల లేకుండా మడి తీర్పు తెలుసుకునే దారి ఇదొక్కటే.

మాల్ట్ పని నవంబర్ తర్వాత పెట్టుకోండి. మాల్ట్ చేసే చోటు 12 నుంచి 15 డిగ్రీల్లో ఉండాలి. ఎనిమిది గంటలు నీళ్లలో, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నీళ్లు వంపేసి గాలిలో, మళ్లీ నీళ్లలో. ఇలా రెండు రోజుల్లో గింజ తేమ 44 శాతానికి చేరాలి. దీనికి తూకం ఒక్కటే సాక్ష్యం. 12 శాతం తేమ ఉన్న ఐదు కిలోల గింజలో పొడి పదార్థం 4.4 కిలోలు, 44 శాతం తేమకి మొత్తం బరువు 7.85 కిలోలు రావాలి. ఏడు కిలోల దగ్గర ఆపితే మొలక మధ్యలో నిలిచిపోతుంది. తెల్లని వేరు మొన కనబడగానే ఐదారు సెంటీమీటర్ల మందాన పరిచి, రోజుకి రెండుసార్లు కింది నుంచి పైకి తిప్పండి. తిప్పకపోతే వేళ్లు అల్లుకుని చాపలా గట్టిపడతాయి, మధ్యలో 25 డిగ్రీలు దాటి పుల్లని వాసన వస్తుంది. నాలుగైదు రోజుల్లో ఒక గింజ పొట్టు ఒలిచి చూడండి. వీపు వైపు పొట్టు కింద పాకే మొలక గింజ పొడవులో ముప్పాతికకి రావాలి, లోపలి పిండి వేళ్ల మధ్య సున్నంలా సాగాలి. వేళ్ల మధ్య చిన్న గట్టి పలుకు తగిలితే ఇంకో రోజు. మొలక తల గింజ దాటి బయటికొస్తే పిండి ఖర్చయిపోతోంది, వెంటనే ఆరబెట్టాలి.

ఆరబెట్టడం దగ్గర మన రాగి మాల్ట్ అలవాటు తప్పుదారి పట్టించవచ్చు. రాగుల్ని నానేసి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి దోరగా వేయిస్తాం. జావకి ఆ వాసన బాగుంటుంది. బీరుకి కావాల్సింది ఎంజైములు బతికి ఉన్న మాల్ట్. తడి గింజకి వేడి తగిలితే ఆ ఎంజైములు చస్తాయి, పొడి గింజ మాత్రం అదే వేడిని తట్టుకుంటుంది. కాబట్టి ముందు గాలి, తర్వాత వేడి. జల్లెడలాంటి ట్రేలలో మూడు సెంటీమీటర్ల మందాన, 45 నుంచి 50 డిగ్రీల్లో గాలి గట్టిగా తోలుతూ పన్నెండు గంటలకి పైగా, తేమ పది శాతానికి దిగేదాకా. తర్వాత 65 డిగ్రీల్లో కొన్ని గంటలు, చివర అవెన్‌లో 80 నుంచి 85 డిగ్రీల్లో మూడు నాలుగు గంటలు. ఆ చివరి అంకం ఎగ్గొడితే మాల్ట్ పచ్చివాసన పోదు, బీరులో ఉడికించిన మొక్కజొన్న వాసన తేలుతుంది. వేడిగా ఉండగానే జల్లెడలో రుద్ది వేళ్లు రాల్చేయండి, అవి చేదు. ఐదు కిలోల గింజ నుంచి నాలుగు కిలోలు, కాస్త పైన వస్తుంది. గాలి చొరని డబ్బాలో రెండు మూడు వారాలు ఉంచి వాడాలి.

మంచి మాల్ట్ కొనుక్కుంటే చౌక కదా అనే మాటకి సమాధానం ఉంది. చౌకే, నిలకడగానూ ఉంటుంది. కాకపోతే మారిస్ ఒటర్ లాంటి రకం 1980ల చివరికి రైతులకి రకాలు సిఫారసు చేసే అధికారిక జాబితా నుంచి తప్పుకోవడానికి కారణం అది బాగా మాల్ట్ కాకపోవడం కాదు, బస్తాల లెక్కలో కొత్త రకాలకి ఓడిపోవడం. నార్ఫోక్, హాంప్‌షైర్‌లలోని ఇద్దరు ధాన్యం వ్యాపారులు హక్కులు కొని విత్తనం శుద్ధి చేయించబట్టి అది బతికింది. రైతుకి డబ్బు తూకాన్ని బట్టి వస్తుంది, అతను దిగుబడికీ నత్రజనికీ మధ్య ప్రతి ఏడూ బేరమాడాల్సిందే. పెరటివాళ్లకి ఆ బేరం లేదు. చదరపు మీటరుకు వంద గ్రాములు తగ్గినా ఎవరికీ బాకీ పడరు. ఆ స్వేచ్ఛ ఉండి కూడా పొలం వాళ్లకంటే ఎక్కువ ఎరువు వేయడం నాకు అర్థం కాని విషయం.

తెలుగు నేల మీద ఇది కుదురుతుందా అంటే, మాల్ట్ బార్లీ మన దేశంలో పండేది రాజస్థాన్, హర్యానా వైపు. నవంబర్‌లో విత్తి మార్చి చివర, ఏప్రిల్‌లో కోస్తారు. కర్నాల్‌లోని గోధుమ, బార్లీ పరిశోధన సంస్థ ఇచ్చిన డీడబ్ల్యూఆర్‌యూబీ 52, డీడబ్ల్యూఆర్‌బీ 101 రెండు వరసల మాల్ట్ రకాలే. అక్కడే గింజ నిండే రోజుల్లో వేడి తగిలి గింజ సన్నబడటం, మాంసకృత్తుల శాతం పెరగడం సమస్య. హైదరాబాద్‌లో, రాజమండ్రిలో ఆ వేడి ఇంకా ముందే వస్తుంది. నవంబర్ మొదటి వారంలో ఒక చిన్న మడి వేసి చూడటంలో తప్పు లేదు, కంకి వస్తుంది. మాల్ట్ ఆశతో అయితే ఆ మడిలో రాగి వేయడమే సరైన పని, మొలకెత్తించడానికి రాగి చాలా మంచి గింజ.

వచ్చే ఏడాదికి 350 గ్రాముల లావు గింజను, కాటుక కనిపించని భాగం నుంచి, మాల్ట్ మొదలుపెట్టకముందే తీసి పక్కన పెట్టండి. ఈ మడిలోనే మళ్లీ బార్లీ వేయొద్దు. వేరు తెగుళ్లు నేలలో నిలుస్తాయి, పైరు అక్కడక్కడా ముందే తెల్లబడి తాలుపోతుంది. కంపోస్టు, కోడిపెంట ఇప్పుడు వేయొచ్చు. చిక్కుడు, గుమ్మడి, బంగాళాదుంప తిరిగి, చివర క్యాబేజీ దాన్ని తినేశాక, నాలుగో ఏడాదో ఐదో ఏడాదో బార్లీ మళ్లీ ఈ మడికి వస్తుంది.